కూలితల్లుల బిడ్డలు - గ్రామముల బాధ్యత

నాట్లకాలము వచ్చెనన్న కృష్ణా గోదావరి మండలములలో తెల్లవారక మునుపే వీథులు కదలును. స్త్రీలు ముఠాలు కట్టి, అన్నపుగిన్నెలు చేతబట్టి, ఆటోలమీదను ట్రాక్టరులమీదను బయలుదేరుదురు. గుంటూరు పల్నాడు ప్రాంతములందు మిరపకోతలనాడును, ఓరుగల్లు ఆదిలాబాదు ప్రాంతములందు పత్తితీతలనాడును ఇదియే దృశ్యము. కూలిరేట్లు ఎంత పెరిగినవి, మనుష్యులు దొరకుట ఎంత కష్టమైనది, నాటుయంత్రము తెచ్చుట లాభమా నష్టమా యను విషయములు మన రైతుల యరుగులమీద నిత్యము చర్చింపబడుచునే యున్నవి. ఆ స్త్రీ తన వెంట తీసికొనిరాని ప్రాణినిగూర్చి మాత్రము ఎవ్వరును మాటాడరు. ఆమె విడిచివచ్చిన యేడాదిన్నర బిడ్డ ఆ పగలెల్ల ఎవరియొద్ద నున్నది? ఏమి తిన్నది? జ్వరము తగిలినచో గుర్తించినవారెవరు? ఈ ప్రశ్నలు మన వ్యవసాయపు లెక్కలలో లేవు. ఉండవలెనని మా యభిప్రాయము.

"ఇంటిలో అవ్వ యుండును, ఆమె చూచును" అని సాధారణముగ చెప్పు సమాధానము. అవ్వ యుండిన యిండ్లు కొన్ని కలవు. కాని కూలి కుటుంబములలో అవ్వ సైతము కలుపునకు బోవుచున్నదని కూలి నిచ్చు మనకు తెలియనిది కాదు. ఆమె పేరు మన ముఠాపుస్తకములోనే యున్నది. అవ్వ లేనిచోట బిడ్డను చూచునది అక్క. ఆ యక్కకు ఎనిమిదేండ్లో తొమ్మిదేండ్లో యుండును. ఆమె పేరు బడిపట్టికలో నుండును, ఆమె మాత్రము తమ్ముని చంకనెత్తుకొని గుమ్మములో నుండును. బాలికలు బడి మానుచున్నారని సభలలో విచారము వెలిబుచ్చు పెద్దలు ఈ సంగతిని తరచుగ మరచుచుందురు. అక్కయు లేనిచో తల్లి బిడ్డను గట్టుమీదికి తెచ్చి చెట్టుకొమ్మకు చీరయుయ్యాల కట్టును. పురుగుమందు చల్లిన మిరపచేనిలోను, తేలు పాము తిరుగు గట్లమీదను పెరుగు శిశువునుగూర్చి వేరుగ వర్ణింప బనిలేదు. మనమందరము ఆ యుయ్యాలను చూచినవారమే. చూచి దాటిపోయినవారమే.

ప్రభుత్వము ఏమియు చేయలేదని చెప్పుట న్యాయము కాదు. 1975 అక్టోబరు 2వ తేదీని దేశములో 33 ప్రాంతములందు ప్రయోగరూపమున మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము నేడు ప్రతి పల్లెకు వ్యాపించినది. ఆంధ్రప్రదేశమున సుమారు 55,600, తెలంగాణమున సుమారు 35,700 అంగన్‌వాడి కేంద్రములు కలవు. ఇంతటి విశాలమైన యేర్పాటు లోకమున అరుదు. గర్భిణులకు భోజనము, పిల్లలకు గ్రుడ్డు, టీకాలకు సాయము, మూడేండ్లు దాటినవారికి ఆటపాటలతో చదువు ఇవన్నియు అచ్చట జరుగవలెను, చాలచోట్ల జరుగుచున్నవి కూడ. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో అయిదేండ్లలోపు పిల్లలందు వయస్సునకు తగిన యెత్తు ఎదుగనివారు ఆంధ్రప్రదేశమున నూటికి 31.2, తెలంగాణమున నూటికి 33.1 మంది యని తేలినది. అన్నపూర్ణ యని మనము కొనియాడుకొను నేలమీద ముగ్గురిలో నొక్కరు కురుచబడి పెరుగుచుండుటకు కారణము ధాన్యము కొరత కాదుగదా!

కారణములు పెక్కు కలవు. వానిలో ఒక్కటి గడియారమున నున్నది. అంగన్‌వాడి తలుపు తెరచుకొనునది ఉదయము తొమ్మిదిగంటల ప్రాంతమున. కూలితల్లి యిల్లు విడుచునది ఆరింటికి. ఇంకొక్కటి వయస్సున నున్నది. మూడేండ్లు నిండిన పిల్లలే ఆ కేంద్రమున పగలు కూర్చుందురు. అంతకు చిన్నవారికి బాలామృతము పొట్లము ఇంటికి పంపబడును. పొట్లము ఇల్లు చేరును సరియే. దానిని కలిపి, చల్లార్చి, గంటకొకసారి నాలుగు ముద్దలు బుజ్జగించి తినిపించు చేయి ఇంట లేదు. ఆరునెలలు నిండి తల్లిపాలు చాలని నాటినుండి రెండేండ్లు నిండువరకు గల కాలమే శిశువు ఎదుగుదలకు కీలకమని వైద్యులు చెప్పుదురు. సరిగా ఆ కాలముననే మన యేర్పాటులో పెద్దగండి యున్నది. ఈ గండిని ఢిల్లీలో కూర్చుండి పూడ్చుట సాధ్యము కాదు. వరినాటు ఏ వారమున వచ్చునో, మిరపకోత ఎన్ని దినములు సాగునో, ఏ వాడలో ఎందరు పసిబిడ్డలున్నారో ఎరిగినది గ్రామమే.

శాసనము గ్రామమునకు ఈ పనిని ఎప్పుడో అప్పగించినది. 1992 నాటి రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో స్త్రీశిశు అభివృద్ధి పంచాయతులకు అప్పగింపదగిన విషయములలో నొకటి. 2002 నాటి సవరణముచే ఆరేండ్లలోపు పిల్లల సంరక్షణమును విద్యను సమకూర్చుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని 45వ యధికరణము చెప్పుచున్నది. ప్రతి అంగన్‌వాడికి వార్డు మెంబరు, తల్లులు, ఆశా కార్యకర్త, బడిపంతులు, స్త్రీసంఘముల వారు కూడిన ఒక పర్యవేక్షణ సహాయ సంఘము ఉండవలెనని నియమముకూడ కలదు. మన చదువరులలో ఎందరికి తమ గ్రామమున అట్టి సంఘ మొకటి కలదని తెలియును? సంతకముల పుస్తకమున అది జీవించుచుండవచ్చును. గ్రుడ్లు వచ్చెనా లేదా యని విచారించుట తప్ప, ఈ గ్రామమున పసిబిడ్డల కేమి కావలెనని తానుగ ఆలోచించి ప్రణాళిక వ్రాసిన సంఘములు మిక్కిలి యరుదు. పైనుండి వచ్చినదానిని పంచుట వేరు, కావలసినదానిని తామే నిర్ణయించుట వేరు.

ఈ రెండవ మార్గము మన తెలుగువారికి క్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున పుట్టి, చెన్నపురిలో ఆంధ్రమహిళాసభను స్థాపించిన దుర్గాబాయి గారు 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి. ఆ మండలి 1954 ఆగస్టు 15వ తేదీనుండి నడపిన సంక్షేమ విస్తరణ ప్రణాళికలలో, సుమారు ఇరువదియైదు గ్రామముల కొక్క సంఘము చొప్పున ఏర్పరుపబడినది. ఆ సంఘమున అధికారులకంటె స్థానిక స్త్రీ కార్యకర్తలకు ప్రాముఖ్యము. బాలవాడి, ప్రసూతిసేవ, స్త్రీల చేతిపనులు వారి యాజమాన్యమున జరిగెను. సర్కారు సొమ్ము, ఊరివారి స్థలము, ఊరివారి శ్రమ, స్థానిక స్త్రీల పెత్తనము అను ఈ నాల్గింటి కలయికను దుర్గాబాయి గారు విధానముగ రూపొందించిరి. అన్నిచోట్లను అది ఫలించెనని మేము చెప్పము. అధ్యక్షపదవి పెద్దయింటి కోడలికి అలంకారముగ మారిన చోట్లు ఉండియే యుండును. కాని గ్రామమును యాచకునిగ గాక భాగస్వామిగ చూచు దృష్టి అందు కలదు. దరిమిలా వచ్చిన పెద్ద పథకములు విస్తృతిని సాధించినవి, ఆ దృష్టిని పోగొట్టుకొన్నవి. ఆ మండలి సైతము 2022 జులైతో మూతపడినది. ఆ వార్త మన పత్రికలలో నాలుగు పంక్తులకు మించి చోటు సంపాదింపలేదు.

ఇతర దేశముల యనుభవమును ఒకటి చెప్పుదుము. ఇంగ్లాండులో 1998లో ప్రతి స్థానిక ప్రభుత్వ మండలమందును శిశుసంరక్షణ భాగస్వామ్య సంఘము లేర్పడినవి. పురపాలకులు, వైద్యశాఖవారు, పాఠశాలలవారు, ధర్మసంస్థలు, సొంత శిశుశాలలు నడపువారు, పనిని కల్పించు యజమానులు, తలిదండ్రులు ఒక్క బల్లచుట్టును కూర్చుండవలెనని యేర్పాటు. వారు మొట్టమొదట చేయవలసినది లెక్క. ఏ పేటలో ఏ వయస్సు పిల్లలెందరు, ఎన్ని స్థానములు కలవు, తల్లిదండ్రుల పనివేళ లెట్టివి యని విచారించి, లోటును కనుగొని, సంవత్సర ప్రణాళికను వ్రాసి ప్రభుత్వామోదమును పొందవలెను. 2006 నాటి శాసనముతో పనిచేయు తల్లిదండ్రులకు చాలినంత శిశుసంరక్షణ దొరకునట్లు చూచు బాధ్యత, సాధ్యమైనంతమట్టుకు, స్థానిక ప్రభుత్వములపై చట్టబద్ధముగ నిలిచినది. ఆ దేశమును చూచి మురియవలెనని మేము దీనిని చెప్పలేదు. 2010 తరువాత స్థానిక సంస్థల నిధులు కోతపడగా అచ్చటి శిశుకేంద్రములు అనేకము మూతపడినవి. బల్లచుట్టును ఎందరు పెద్దలు కూర్చున్నను సంచి ఖాళీయైనచో పని నిలువదు. లెక్కతో మొదలిడుట మనము నేర్వదగినది, నిధులను ఒక్కచేతిమీద ఆధారపరుచుట మనము మానదగినది.

అంతదూరము పోనక్కరయు లేదు. కేరళమున అంగన్‌వాడులు గ్రామపంచాయతుల చేతి క్రింది సంస్థలు. భవనములకును పిల్లల యాహారమునకును పంచాయతులు తమ ప్రణాళికా ధనమునుండి వ్యయపరచుచున్నవి. ఊరి సొమ్ము పడుటచేత ఊరివారి కన్నును పడుచున్నది. కర్ణాటక ప్రభుత్వము 2023లో ఉపాధిపనులకు బోవు తల్లుల చిన్నబిడ్డలకొరకు నాలుగువేల గ్రామపంచాయతులలో "కూసిన మనె", అనగా శిశువు యిల్లు, అను పేర కేంద్రములను తలపెట్టినది. ఛత్తీస్‌గఢమున బిలాస్‌పురము ప్రాంతపు అడవిపల్లెలలో జన స్వాస్థ్య సహయోగ్ అను వైద్యుల సంస్థ నడపుచు వచ్చిన "ఫుల్వారీ" కేంద్రముల పద్ధతి మిక్కిలి తేలికైనది. ఊరిలోని స్త్రీయే పదిమంది బిడ్డలను, ఆరునెలలనుండి మూడేండ్లవరకు వయస్సువారిని, తల్లి పనినుండి వచ్చువరకు చూచును. వేడి యన్నము, గ్రుడ్డు, నూనె, నిద్ర, ఆట. గొప్ప భవనము లేదు, పెద్ద ఖర్చు లేదు. తల్లి కూలి పోలేదు, అక్క బడికి పోయినది.

మన స్త్రీసంఘముల శక్తిని మనమే తక్కువగ చూచుచున్నాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గ్రామైక్య సంఘములు పోషకాహార దినసంరక్షణ కేంద్రములను తామే నడపి, గర్భిణులకును పసిబిడ్డలకును ఒక్కచోట భోజనము పెట్టిన సంగతి చాలమంది మరచిరి. కొంతసొమ్ము సంఘమునది, కొంత భోజనము చేయు స్త్రీది. పొదుపు లెక్కలను పైసతో తప్పక వ్రాయగల స్త్రీలు పదునైదుమంది బిడ్డల గంజి లెక్కను వ్రాయలేకపోవుదురా?

అయినచో గ్రామమున ఏమి జరుగవలెను? మా దృష్టికి తోచినదానిని చెప్పుదుము. పంచాయతి, గ్రామైక్య సంఘము, అంగన్‌వాడి కార్యకర్త, ఆశా కార్యకర్త, ముఠామేస్త్రీలు, కూలి నిచ్చు రైతులు కలిసి ఒక సంఘముగ నేర్పడవలెను. ఈ తుది యిరువురను ఎక్కడను చేర్చుట లేదు. లోపమంతయు అందే యున్నది. ముఠామేస్త్రికి తన వెంట వచ్చు ముప్పదిమంది స్త్రీలలో పాలిచ్చు తల్లులెందరో తెలియును. రైతునకు నాటు ఏ దినమున మొదలగునో తెలియును. ఈ రెండు సంగతులను కలిపి వ్రాసినచో శిశుసంరక్షణకు పంటల పంచాంగము తయారగును. ఆషాఢ శ్రావణములలో నలువదియైదు దినములు తెల్లవారుజామున అయిదున్నరకు తెరువవలెను. కోతలనాడు మరల ముప్పది దినములు. నడుమ పనిలేని నెలలలో మామూలు వేళలు చాలును. అట్టి సుళువు సర్కారు ఉత్తరువులకు రాదు, గ్రామసంఘమునకు వచ్చును.

సొమ్ము మాట దాటవేయుట మాకిష్టము లేదు. ఒక గ్రామమున వేయి యెకరముల వరి యున్నదనుకొందము. యెకరమునకు పంటకు నూరురూపాయలు చొప్పున రైతులు ఇచ్చినచో లక్షరూపాయలగును. నాట్లలోను కోతలలోను కలిపి డెబ్బదియైదు దినములు ఇద్దరు స్త్రీలకు దినమునకు నాలుగువందల చొప్పున కూలి యిచ్చినను అరువదివేలు. మిగిలిన నలువదివేలలో చాపలు, ఉయ్యాలలు, పాలు, అరటిపండ్లు, సబ్బులు. బియ్యము పప్పు గ్రుడ్లు అంగన్‌వాడి వాటాగ వచ్చును. ఇద్దరు స్త్రీలు ఇరువదిమంది బిడ్డలను చూడగలరు. యెకరమునకు పురుగుమందులకును ఎరువులకును వేలు పోయునట్టి రైతునకు నూరురూపాయలు భారమా? ఇది దానము కాదని స్పష్టముగ చెప్పుచున్నాము. బిడ్డ భద్రముగ నున్నచో తల్లి వేళకు వచ్చును, నడుమ పరుగెత్తి యింటికి పోదు, వచ్చెదనని చెప్పిన దినమున మానదు. కూలీలు దొరకుట లేదని వాపోవు పెద్దలు కూలీలు ఎందుకు రాలేకపోవుచున్నారో ఒక్కసారి విచారించినచో లెక్క వారికే తేలును.

కర్నూలు పడమటి మండలములనుండి మిరపకోతలకు గుంటూరు సీమకు వచ్చు కుటుంబముల సంగతి మరియు కష్టము. వారు గుడారములు వేసికొని చేలగట్లమీదనే నెలలకొలది యుందురు. వారి బిడ్డల పేళ్లు స్వగ్రామపు అంగన్‌వాడి పుస్తకములో నున్నవి, బిడ్డలు మాత్రము ఇచ్చట నున్నారు. అచ్చట గ్రుడ్డు మిగులును, ఇచ్చట బిడ్డ మాడును. వచ్చిన యూరిలో ఆ బిడ్డలను చేర్చుకొనుటకు ఏ చట్టమును అడ్డు లేదు. అడుగువాడు లేడు. మిరపతోట యజమాని పంచాయతికి రెండు మాటలు చెప్పినచో చాలును. ఎందరు బిడ్డలతో ముఠా వచ్చినదో అతడు కాక మరెవ్వరు చెప్పగలరు?

ఇంకొక్క చేదు నిజము కలదు. కేంద్రము ఏ వీథిలో నుండవలెను? ఊరి నడుమ రామాలయము ప్రక్క నుండిన మాలపల్లె మాదిగపల్లె తల్లులు పసిబిడ్డను అంతదూరము తెచ్చుటకు సంకోచింతురు. పల్లెలో నుండిన ఊరివారు తమ బిడ్డలను పంపరు. వండునది ఎవరను ప్రశ్న ఇంకను కొన్ని గ్రామములలో నోటితో పలుకకయే ఓటువలె చెల్లుచున్నది. ఈ విషయమున మా తీర్పు సందేహము లేనిది. ఎవరి బిడ్డలు పగలెల్ల ఒంటరిగ నుందురో వారి వాడలోనే కేంద్రముండవలెను. ఆ వాడ స్త్రీలే దానిని చూడవలెను. సంఘమున వారి సంఖ్య సగమునకు తగ్గరాదు. సొమ్ము ఇచ్చినంతమాత్రమున పెత్తనము రైతులదని యెవ్వరైన తలచినచో ఆ సంఘము పుట్టకమునుపే చచ్చినట్లు.

పట్టణవాసులు ఇదంతయు పల్లెల గొడవయని తలపరాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో లేచుచున్న పండ్రెండంతస్తుల భవనములక్రింద ఇసుకకుప్పలమీద ఆడుచున్న బిడ్డలు ఎవరు? 1969లో ఢిల్లీలో గాంధీమహాత్ముని శతజయంతికొరకు జరుగుచున్న నిర్మాణపు పనులచోట దుమ్ములో పడియున్న శిశువులను చూచి మీరా మహాదేవన్ గారు ఒక గుడారములో శిశుశాలను ప్రారంభించిరి. మొబైల్ క్రెషెస్ అను సంస్థ అట్లు పుట్టినది. ఏబదిమందికి మించి స్త్రీకార్మికులు పనిచేయుచోట బిడ్డలకు గదులుండవలెనని 1996 నాటి నిర్మాణకార్మికుల శాసనము చెప్పెను. ఏబదిమంది యుద్యోగులున్న ప్రతి సంస్థయు శిశుశాలను సమకూర్పవలెనని 2017లో సవరింపబడిన ప్రసూతి శాసనము చెప్పెను. గ్రామీణ ఉపాధి హామీ శాసనము 2005లోనే, అయిదుగురు బిడ్డలు వచ్చిన పనిచోట ఒక స్త్రీని కూలియిచ్చి వారిని చూచుటకు నియమింపవలెనని వ్రాసెను. ఇన్ని శాసనములున్నను ఇసుకకుప్పలు ఖాళీ కాలేదు. నలువదితొమ్మిదిమందిని పుస్తకమున చూపి ఏబదవవానిని దాచు నేర్పు మన గుత్తదారులకు చక్కగ తెలియును. ఒక్కొక్క గుత్తదారుని విడివిడిగ పట్టుటకంటె, ఒక పేటలోని నిర్మాణములన్నిటికిని కలిపి పురపాలకసంఘము ఒక్క శిశుశాలను నడపి, నిర్మాణవ్యయములో నూటికి ఒక్కరూపాయి చొప్పున వసూలగుచున్న కార్మికసంక్షేమ సుంకమునుండి దాని ఖర్చు పెట్టుట సులభమని మాకు తోచుచున్నది. ఇల్లు కొనువారు పాలరాతి నాణ్యమును విచారించునప్పుడు ఈ మాటను కూడ విచారింపవచ్చును.

ఇట్టి యేర్పాటులన్నియు తుదకు ఒక స్త్రీ భుజములమీదనే పడునుగదా! ఆమె అంగన్‌వాడి కార్యకర్త. కేంద్రప్రభుత్వపు లెక్కలో ఆమెకు నెలకు 4,500 రూపాయల గౌరవవేతనము 2018లో నిర్ణయమైనది. రాష్ట్రములు తమ వాటాను చేర్చి దానిని పెంచినవి. ఆమె పసిపిల్లల బరువులు తూచవలెను, ఎన్నికల పట్టీలు వ్రాయవలెను, సెల్ఫోనులో ఫోటోలు ఎక్కింపవలెను. 2023 డిసెంబరు 12నుండి ఆంధ్రప్రదేశమున అంగన్‌వాడి స్త్రీలు నలువది రెండు దినములు సమ్మె చేసిరి. వారిపై అత్యవసర సేవల శాసనము ప్రయోగింపబడినది. ఉద్యోగిగ గుర్తింపని సేవ అత్యవసరమైన సేవ యెట్లగునో తార్కికులు చెప్పవలెను. ఆ నలువది రెండు దినములలో గ్రామములు ఏ పక్షమునను నిలువక వినోదము చూచినవి. కేంద్రము సర్కారుది, సమ్మె కార్యకర్తలది, మనకేమియని యనుకొన్నవి. బిడ్డలు ఎవరివో ఎవ్వరికిని తట్టలేదు. గ్రామము భాగస్వామియై యుండినచో ఆమె న్యాయమైన కోరికను వెనుకనుండి బలపరచి యుండును. కావున ఇప్పుడు చెప్పుచున్న అదనపు వేళలను ఆమె నెత్తిన రుద్దరాదని నిష్కర్షగ చెప్పుచున్నాము. తెల్లవారుజాము పనికి వేరు మనిషి, వేరు కూలి యుండవలెను.

గ్రామము పూనుకొనినచో సర్కారు తప్పించుకొనునని కొందరు మిత్రులు భయపడుచున్నారు. ఆ భయము నిరాధారమని చెప్పజాలము. తరచుగ అట్లు జరిగినది. కాని లెక్కలేని గ్రామము సర్కారును ఏమని యడుగగలదు? 2022లో కేంద్రప్రభుత్వము "పాలనా" అను పేర అంగన్‌వాడితోపాటు శిశుశాలను నడపు పథకమును తెచ్చి, దేశమున పదునేడువేల కేంద్రములను సంకల్పించినది. ఆరునెలలనుండి ఆరేండ్లవరకు బిడ్డలను దినమునకు ఏడున్నరగంటలు చూచుట అందలి నియమము. మా గ్రామమున మూడేండ్లలోపు బిడ్డలు ఇందరు, పనికి బోవు తల్లులు ఇందరు, మా వాటా ఇంత, మీ వాటా ఏదియని కాగితముతో వచ్చిన పంచాయతిని జిల్లా కలెక్టరు ఊరక పంపలేడు. వట్టిచేతులతో వచ్చినవారికి మాత్రము వచ్చే సంవత్సరము చూతమని సమాధానము దొరకును.

ప్రతి సంవత్సరము అక్టోబరు 2నుండి గ్రామపంచాయతులు మరుసటి యేటి యభివృద్ధి ప్రణాళికకొరకు గ్రామసభలు జరుపుచున్నవి. ఆ సభలలో సిమెంటురోడ్లు, కాలువలు, దీపస్తంభములు వ్రాయబడును. పెద్దరైతులు సాధారణముగ అచ్చటికి పోరు. పోయినను మురుగుకాలువనుగూర్చి మాటాడి తిరిగివత్తురు. ఈ యేడు పోవలెను. ముఠామేస్త్రీలను వెంటబెట్టుకొని పోవలెను. వాడవాడకు మూడేండ్లలోపు బిడ్డలెందరు, వారి తల్లులు ఏ నెలలలో ఏ వేళకు పనికి పోవుదురు, పగలు వారిని చూచునది ఎవరు అను మూడు వరుసల పట్టికను అంగన్‌వాడి కార్యకర్తచేతను ఆశా కార్యకర్తచేతను ముందుగనే వ్రాయించి సభలో చదివింపవలెను. ఆ పట్టికను విన్న పిమ్మట యెకరమునకు ఎంత యనుమాట అచ్చటనే తేల్చి, పంచాయతి తీర్మానపుస్తకమున వ్రాయించి, నాట్లకు ముందుగ చాపలు ఉయ్యాలలు కొని యుంచవలెను.